నానోపార్టికల్ కణంలోకి వెళ్తోంది, ప్రొటీన్ మాత్రం పని చేయట్లేదు. ఎక్కడ ఆగిపోతోంది?

కైటోసాన్_పీజీ, మద్దిలపాలెం

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్‌తో నానోపార్టికల్స్ (కంటికి కనబడనంత చిన్న రేణువులు) చేసి, వాటిలో ప్రొటీన్ పెట్టి కణం లోపలికి పంపడం నా ప్రాజెక్టు. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో వేరే పాలిమర్ వెతుక్కోవడం ఎందుకని గైడ్ సార్ కూడా వెంటనే సరేనన్నారు.

పద్ధతి మామూలుదే. పలచటి ఎసిటిక్ యాసిడ్‌లో కైటోసాన్ కరిగించి, స్టిర్రర్ మీద తిరుగుతుండగా ట్రైపాలీఫాస్ఫేట్ చుక్క చుక్కగా వేస్తే ద్రావణం లేత నీలం తిరిగిన తెలుపుకి వస్తుంది. సైజు 180 నానోమీటర్లు, జీటా (రేణువు పైనున్న విద్యుదావేశం కొలత) ప్లస్ 28. ముందు ఎఫ్‌ఐటీసీ అనే ఆకుపచ్చగా మెరిసే రంగు కట్టిన బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) పెట్టి, ల్యాబ్‌లో పెంచే హీలా క్యాన్సర్ కణాలకి ఇచ్చాను. కడిగి, ఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసి (కణాలని ఉన్నవి ఉన్నట్టు గట్టిపరిచి) మైక్రోస్కోప్ కింద చూస్తే ప్రతి కణంలోనూ ఆకుపచ్చ చుక్కలు. అందరం సంతోషించాం.

తర్వాత బీఎస్‌ఏ బదులు సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ పెట్టాను. అది సైటోప్లాజంలోకి (కణం లోపలి ద్రవంలోకి) చేరితే కణం చనిపోవాలి కదా. ఎంటీటీలో (కణాలు బతికున్నాయో లేదో చెప్పే పరీక్షలో) చూస్తే కంట్రోల్‌కీ దీనికీ తేడా లేదు. లోపలికి వెళ్తున్నట్టు కళ్లతో చూశాను. మరి ఎందుకు పని చేయట్లేదు? ఎవరైనా దారి చూపించండి.


డిగ్రీ_బయోటెక్, గాజువాక

అన్నా, ముందు ఒక డౌట్. ప్రొటీన్‌ని నేరుగా ఇస్తే వెళ్లదా? ఇన్సులిన్ ఇంజెక్షన్ నేరుగానే ఇస్తారు కదా, దానికి ఏ నానో లేదు.


రిటైర్డ్_మాస్టారు, ఎంవీపీ కాలనీ

మంచి ప్రశ్న బాబూ. ఇన్సులిన్ కణం లోపలికి వెళ్లి పని చేయదు. కణం పైన ఉన్న గ్రాహకాన్ని పట్టుకుని అక్కడి నుంచే సంకేతం ఇస్తుంది. క్యాన్సర్‌కి వాడే యాంటీబాడీ మందుల్లో ఎక్కువ భాగం కూడా బయటే పట్టుకుంటాయి. అవి సుమారు 1,50,000 డాల్టన్ల బరువున్న అణువులు. కణపొర కొవ్వుతో చేసినది, విద్యుదావేశం ఉన్న అంత పెద్ద అణువుని రానివ్వదు. మనం మింగే మాత్రల్లోని మందులు చాలావరకు 500 డాల్టన్ల లోపు ఉంటాయి కాబట్టి జారుకుంటాయి. జబ్బుకి మూలమైన ప్రొటీన్లలో అధిక భాగం కణం లోపలే ఉన్నాయి. అక్కడికి మందు ప్రొటీన్‌ని చేర్చగలిగితే ఎన్నో జబ్బులకి దారి దొరుకుతుంది. అందుకే ఈ తాపత్రయమంతా.

ప్రకృతికి ఈ విద్య ఎప్పుడో తెలుసు. కంఠసర్పి (డిఫ్తీరియా) కలిగించే బాక్టీరియా విషం చూడండి. దాన్ని కణం ఒక సంచిలోకి మింగి, ఆ సంచిలో పులుపు (ఆమ్లత్వం) పెరగగానే, విషంలో ఒక భాగం విచ్చుకుని పొరలో దారి చేసి మిగతా భాగాన్ని సైటోప్లాజంలోకి తోస్తుంది. మన ఆముదం గింజలోని రైసిన్‌కి కూడా ఈ విద్య తెలుసు, దారి మాత్రం వేరు. ఒక గొలుసు కణాన్ని పట్టుకుంటుంది, రెండోది లోపలికి చేరి, ప్రొటీన్లు తయారు చేసే రైబోజోములని పాడు చేస్తుంది. కంఠసర్పి విషంలోని ఆ తోసే భాగాన్నే వాడుకుని తయారు చేసిన డెనిల్యూకిన్ డిఫ్టిటాక్స్ అనే మందుకి 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది.


ఎండోసోమ్_అక్క, సీతమ్మధార

తమ్ముడూ, నీ పోస్టులో రెండు వేరు వేరు సమస్యలు కలిసిపోయాయి. విడదీసి చూద్దాం.

మొదటిది ఆవేశం. బీఎస్‌ఏ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 4.7 దగ్గర, అంచేత నీ ద్రావణంలో మైనస్ వైపు ఉంటుంది, ప్లస్ ఉన్న కైటోసాన్‌కి అతుక్కుంటుంది. సైటోక్రోమ్ సి ది 10 దగ్గర. అది ప్లస్, కైటోసానూ ప్లస్. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అసలు లోపల ఎక్కిందా లేదా చూశావా? దీనికి పరికరం కూడా అక్కర్లేదు. సైటోక్రోమ్ సి ఎర్రగా ఉంటుంది. పార్టికల్స్‌ని సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన ద్రవం ఎర్రగా ఉందా, అడుగున గుళిక ఎర్రగా ఉందా? ఇంకా ఖాయంగా కావాలంటే తేరిన ద్రవాన్ని 410 నానోమీటర్ల దగ్గర కొలువు.

రెండోది అసలు సమస్య. నువ్వు చూసిన ఆకుపచ్చ చుక్కలు ఎండోసోములు. పార్టికల్ పొరని చీల్చుకుని లోపలికి రాలేదు. పొర లోపలికి మడత పడి సంచిలా మూసుకుంది, పార్టికల్ ఆ సంచిలో ఉంది. బయట 7.4 ఉన్న పీహెచ్ ఆ సంచిలో 6కి, తర్వాత 5కి పడిపోతుంది, చివరికి అది లైసోజోమ్‌లో కలుస్తుంది. అక్కడ ఎంజైములు నీ ప్రొటీన్‌ని ముక్కలు చేసేస్తాయి. ప్రొటీన్ సైటోప్లాజంలోకి వచ్చి ఉంటే చుక్కలుగా కనబడదు. కణం మొత్తం, ఒక్కోసారి కేంద్రకంతో సహా, సమంగా లేత ఆకుపచ్చగా పరుచుకుని కనబడుతుంది.

ఈ తేడాని పట్టించుకోకుండా ‘అప్‌టేక్ బాగుంది’ అని రాసేసిన పేపర్లు ఎన్నో. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. పిల్లలు ఏళ్ల తరబడి ఆ చుక్కల వెనక పరుగెడతారు. లోపలికి ఎంత వెళ్లింది అన్నది కాదు, సంచి దాటి ఎంత బయటపడింది అన్నదే కొలవాలి. మందుగా అనుమతి పొందే స్థాయి లిపిడ్ నానోపార్టికల్స్‌లోనే, 2013లో కొలిచి చూస్తే, కణం మింగిన ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏలో (జన్యువు పనిని ఆపే చిన్న ఆర్‌ఎన్‌ఏలో) ఒకటి రెండు శాతం మాత్రమే సైటోప్లాజంలోకి వచ్చిందని తేలింది.

ఇంకోటి. ఫిక్స్ చేసిన కణాలని నమ్మకు. ప్లస్ ఆవేశం ఉన్న పెప్టైడ్లు (చిన్న ప్రొటీన్ ముక్కలు) పొర మీద అంటుకుని ఉండి, ఫిక్స్ చేసేటప్పుడు పొర దెబ్బతినగానే లోపలికి పరుచుకుంటాయని 2003లోనే చూపించారు. అంతకుముందు ‘నేరుగా దూసుకెళ్తున్నాయి’ అనుకున్న ఫలితాలు చాలా మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. బతికున్న కణాల్లోనే చూడు.


కైటోసాన్_పీజీ

అక్కా, ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి చూశాను. పైన ద్రవం స్పష్టంగా ఎర్రగా ఉంది, గుళిక తెల్లగానే ఉంది. అంటే ఎక్కనే లేదు.


పరవాడ_క్యూసీ

నేను ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఉంటాను. కైటోసాన్ వైపు నాకు ఒక ప్రశ్న. 180 నానోమీటర్లు అన్నావు, అది దేనిలో కొలిచావు? ఎసిటిక్ యాసిడ్ బఫర్‌లోనా, కణాలు పెంచే మీడియంలోనా? కైటోసాన్ పీకేఏ (దాని ప్లస్ ఆవేశం సగానికి తగ్గే పీహెచ్) 6.5 దగ్గర. మీడియం పీహెచ్ 7.4లో వేయగానే ప్లస్ ఆవేశం చాలా భాగం పోతుంది. పార్టికల్స్ ఒకదాన్నొకటి నెట్టుకోవడం మానేసి గుంపులు కడతాయి. పైగా సీరం ఉంటే ప్రొటీన్లు వచ్చి పైన పూత పెడతాయి. కణం చూసేది ఆ పూతనే, నువ్వు చేసిన పార్టికల్‌ని కాదు. పది శాతం సీరం కలిపిన మీడియంలో సైజు మళ్లీ కొలిచి పెట్టు. పీడీఐ (సైజుల్లో ఎంత తేడా ఉందో చెప్పే అంకె) కూడా. 0.2 దాటితే సగటు సైజు అంకెకి పెద్ద అర్థం లేదు.


కైటోసాన్_పీజీ

నీళ్లలో కొలిచాను సార్. రేపు మీడియంలో కొలుస్తాను.


గోపాలపట్నం_రమణ

పెద్దలందరికీ నమస్కారం. నాకు ఈ సైన్సు అంతగా తెలియదు. మా అత్తకి అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది. డాక్టరు గారు ‘లైపోసోమల్ డాక్సోరుబిసిన్’ అని రాశారు. మామూలు డాక్సోరుబిసిన్ కన్నా ఖరీదు చాలా ఎక్కువ. ఇది కూడా మీరు చెప్పే నానోయేనా? ఖరీదుకి తగ్గట్టు ఎక్కువ పని చేస్తుందా? ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు, తప్పుగా అనుకోకండి.


మోడరేటర్

తప్పకుండా అడగొచ్చు రమణ గారూ. సభ్యులకి మనవి: మందు ఎలా పని చేస్తుందో చెప్పండి, డోసు మాత్రం డాక్టరు గారికే వదిలేయండి.


పరవాడ_క్యూసీ

అవునండీ రమణ గారూ, ఇది నానో మందే. 1995లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి నానో మందు ఇదే. ‘ఎక్కువ పని చేస్తుందా’ అన్నదానికి సూటిగా చెప్తాను. దీని పెద్ద లాభం గుండెకి. మామూలు డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, అందుకే జీవితం మొత్తంలో ఇవ్వగలిగిన మోతాదుకి హద్దు ఉంటుంది. లైపోసోమ్‌లో (కొవ్వు పొరతో చేసిన అతి చిన్న సంచిలో) పెడితే మందు రక్తంలో చాలాసేపు సంచిలోనే తిరుగుతుంది, గుండెకి చేరేది తగ్గుతుంది.

తయారీ చాలా తెలివైన పని. ముందు అమ్మోనియం సల్ఫేట్ నింపిన ఖాళీ లైపోసోములు చేస్తారు, 100 నానోమీటర్ల లోపు. బయట ఉన్న సల్ఫేట్‌ని తీసేసి డాక్సోరుబిసిన్ కలుపుతారు. మందు తనంతట తానే పొర దాటి లోపలికి వెళ్లి, సల్ఫేట్‌తో కలిసి స్ఫటికంగా గట్టిపడుతుంది. ఇక బయటికి రాలేదు. క్రయో మైక్రోస్కోప్‌లో చూస్తే గుండ్రటి సంచిలో అడ్డంగా పుల్లలా ఆ స్ఫటికం కనబడుతుంది. 2012లో అమెరికాలో ఈ మందుకి కరువు వస్తే మన దేశంలో సన్ ఫార్మా చేసిన మందుని తెప్పించుకున్నారు. 2013లో దాని జెనరిక్‌కి అక్కడ అనుమతి కూడా వచ్చింది. కాబట్టి మన దేశంలో చేసిన మందు అని అనుమానం పెట్టుకోకండి.


వార్డు_సిస్టర్, పెదవాల్తేరు

రమణ గారూ, ఈ మందు ఎక్కించే వార్డులో పని చేశాను కాబట్టి చెప్తున్నాను. మొదటిసారి చాలా నిదానంగా ఎక్కిస్తారు, కంగారు పడకండి. కొందరికి మొదటి నిమిషాల్లోనే ముఖం ఎర్రబడటం, నడుం నొప్పి, ఆయాసం వస్తాయి. వెంటనే సిస్టర్‌కి చెప్పమనండి, ఆపి మళ్లీ నిదానంగా మొదలుపెడతారు. ఇంటికి వెళ్లాక అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండటం ఉంటుంది. ఈ మందుకి అది బాగా తెలిసిన ఇబ్బంది. మొదటి కొన్ని రోజులు వేడి నీళ్లలో చేతులు పెట్టడం, అంట్లు తోమడం, బిగుతు చెప్పులతో ఎక్కువ నడవడం వద్దు. మంట మొదలైందంటే తర్వాతి సైకిల్ దాకా ఆగకుండా ఫోన్ చేసి చెప్పండి.

నానో మందులంటే నాకు 2021 గుర్తొస్తుంది. బ్లాక్ ఫంగస్ రోజులు. లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు కోసం రోగుల బంధువులు ఊరూరా ఫోన్లు చేసుకునేవారు. ఒక్కో రోగికి కిలోకి 5 మిల్లీగ్రాములు లెక్క, అంటే అరవై కిలోల మనిషికి రోజుకి 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. దొరకనప్పుడు పాత యాంఫోటెరిసిన్ ఇవ్వాల్సి వచ్చేది. దానికి రోగి చలితో మంచం ఊగిపోయేలా వణికేవాడు, క్రియాటినిన్ పెరిగేది, పొటాషియం పడిపోయేది. లైపోసోమల్‌కి ఆ బాధలు బాగా తక్కువ. వయల్‌లో 12 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి అర నిమిషం గట్టిగా కుదిపితే పసుపు రంగు ద్రవం అవుతుంది. ఫిల్టర్ పెట్టి, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. కొత్తగా వచ్చిన అమ్మాయిలకి నేను మొదట చెప్పే మాట అదే. లైన్‌లో అంతకుముందు సెలైన్ పోయి ఉంటే ముందు డెక్స్‌ట్రోజ్‌తో కడగాలి.


గోపాలపట్నం_రమణ

సిస్టర్ గారూ, చాలా థ్యాంక్స్ అమ్మా. అంట్లు తోమొద్దని ఇంట్లో చెప్పాను. క్యూసీ గారికి కూడా నమస్కారం. గుండె విషయం డాక్టరు గారు అన్నారు గానీ అప్పుడు బుర్రకెక్కలేదు.


డిగ్రీ_బయోటెక్

సెలైన్‌లో ఎందుకు విరిగిపోతుంది?


ఎండోసోమ్_అక్క

లైపోసోములు, ఇతర నానోపార్టికల్స్ నీళ్లలో విడివిడిగా తేలేది చాలావరకు పైనున్న ఆవేశం వల్ల. ఉప్పు అయాన్లు ఆ ఆవేశాన్ని కప్పేస్తాయి. అప్పుడవి దగ్గరకొచ్చి గుంపు కడతాయి. డెక్స్‌ట్రోజ్‌కి ఆవేశం లేదు. క్యూసీ గారు కైటోసాన్ గురించి అడిగిన ప్రశ్న కూడా ఇదే కోవది.


రిటైర్డ్_మాస్టారు

ఒక సంగతి స్పష్టం చేయాలి. యాంఫోటెరిసిన్ లైపోసోమ్ మన కణాల లోపలికి వెళ్లి బ్లాక్ ఫంగస్‌ని చంపదు. మందు తన సంచిలోనే ఉండి, శిలీంధ్రం (ఫంగస్) పొరలోని ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు దగ్గరకి చేరాక దాన్ని పట్టుకుంటుంది. మూత్రపిండానికి తగిలే మందు తగ్గింది, అదే లాభం. కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బులో మాత్రం కథ వేరు. ఆ పరాన్నజీవి కాలేయం, ప్లీహంలోని మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్లోనే కాపురం పెడుతుంది. రక్తంలోకి ఎక్కించిన నానోపార్టికల్స్‌ని మొదట మింగేది కూడా ఆ కణాలే! ఈ లైపోసోమల్ మందే ఒక్క డోసు, కిలోకి 10 మిల్లీగ్రాములు, బీహార్ రోగుల్లో సరిపోయిందని 2010లో ప్రచురించారు. 2014 నుంచి మన దేశ కార్యక్రమంలో అదే వాడుతున్నారు.

క్యాన్సర్ వాళ్లకి అదే గుణం అడ్డం. కాలేయం పట్టుకోగా మిగిలిందే కణితికి. ఎన్నో జంతు ప్రయోగాలని కలిపి 2016లో లెక్క వేస్తే, ఇచ్చిన డోసులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. కణితి మీద గ్రాహకాన్ని పట్టుకునేలా పార్టికల్‌కి ఫోలిక్ యాసిడ్ అతికించాలని చాలామంది ప్రయత్నించారు. ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ జరిగింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోనే అని విద్యార్థులకి చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరిగేది. కానీ రక్తంలోని ప్రొటీన్ల పూత ఆ అతికించినదాన్ని కప్పేస్తే అది ఎవరినీ పట్టుకోలేదు.


డిగ్రీ_బయోటెక్

మరి కోవిడ్ టీకాల్లో ఎలా కుదిరింది? అవీ లిపిడ్ నానోపార్టికల్సే కదా. ప్రొటీన్ పంపడం ఇంత కష్టమైతే ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ ఎలా చేయాలో చెప్పే అణువు) పంపి కణంతోనే ప్రొటీన్ చేయించుకోవచ్చు.


ఎండోసోమ్_అక్క

సరిగ్గా పట్టుకున్నావ్. సంచి దాటేది ఒకటి రెండు శాతమే అయినా ఎంఆర్‌ఎన్‌ఏకి ఎందుకు సరిపోతుందంటే, సైటోప్లాజంలోకి చేరిన ఒక్కో ఎంఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోములు వరసగా ఎన్నో ప్రొటీన్ కాపీలు తీస్తాయి. నష్టం అక్కడ పూడిపోతుంది. ప్రొటీన్‌కి ఆ సౌకర్యం లేదు. ఎన్ని చేరితే అన్నే. అందుకే ఆర్‌ఎన్‌ఏ మందులు ముందు గెలిచాయి: 2018లో పాటిసిరాన్ అనే ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ మందు, 2020 చివర్లో టీకాలు. మన దేశంలో పుణెలోని జెన్నోవా చేసిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాకి 2022 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. పొడిగా ఆరబెట్టినది కాబట్టి మామూలు ఫ్రిజ్ చాలు, మైనస్ 70 అక్కర్లేదు. ఆ పని విలువ చిన్న ఊళ్ల ఆరోగ్య కేంద్రాలు తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

ఆ పార్టికల్స్‌లో కీలకం అయనైజబుల్ లిపిడ్. రక్తం పీహెచ్‌లో దానికి దాదాపు ఆవేశం ఉండదు, విషప్రభావం తక్కువ. ఎండోసోమ్‌లో పులుపు పెరగగానే ప్లస్ అవుతుంది, సంచి పొరలోని మైనస్ లిపిడ్‌ని పట్టుకుని పొరని చెదరగొడుతుంది. మాస్టారు చెప్పిన కంఠసర్పి విషం కూడా పులుపునే గుర్తుగా వాడుకుంటుంది, చూడండి.

అలాగని ప్రొటీన్‌ని వదిలేయలేం. జన్యువుని కత్తిరించే క్యాస్9 లాంటిది కణంలో ఎక్కువ కాలం ఉంటే తప్పు చోట్ల కూడా కోస్తుంది. ప్రొటీన్‌గా పంపితే పని చేసి ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. తమ్ముడూ, ఇందులో నీకు పనికొచ్చే కిటుకు ఉంది. క్యాస్9 ఒంటరిగా ప్లస్. ఎక్కడ కోయాలో చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ కట్టగానే మొత్తం మీద మైనస్ అవుతుంది, అప్పుడు ప్లస్ లిపిడ్‌లో చక్కగా ఇముడుతుంది. నీ సైటోక్రోమ్ సి కి కూడా ఒక మైనస్ తోడు కావాలి. హైలురోనిక్ యాసిడ్ గానీ ఆల్జినేట్ గానీ ముందు కలిపి చూడు. తర్వాతే కైటోసాన్.


కైటోసాన్_పీజీ

అక్కా, ఆల్జినేట్ మా ల్యాబ్‌లోనే ఉంది. మీడియంలో సైజు కొలిచాను సార్, 600 దాటింది, పీడీఐ 0.5. గైడ్ సార్‌కి చూపిస్తే ఆయన కూడా ముందు దీని సంగతి తేల్చమన్నారు. ట్రైమిథైల్ కైటోసాన్ అయితే 7.4లో కూడా ప్లస్ పోదని, అది చేద్దామని అంటున్నారు.

ఎండోసోమ్ దాటిందో లేదో చూడటానికి మా దగ్గర కాన్ఫోకల్ (కణాన్ని పొర పొరగా చూపించే మైక్రోస్కోప్) లేదు. మామూలు ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపే. ఖరీదైన సెల్ లైన్లు కొనలేం. ఏం చేయమంటారు?


ఎండోసోమ్_అక్క

కాల్సీన్ చాలు. తనంతట తాను పొర దాటలేని ఆకుపచ్చ రంగు అది. రంగు కట్టని పార్టికల్స్‌తో పాటు కాల్సీన్ మీడియంలో కలుపు. రెండింటినీ కణం ఒకే సంచుల్లో మింగుతుంది. సంచి పగిలితే చుక్కలు పోయి కణమంతా పరుచుకుంటుంది, పగలకపోతే చుక్కలే ఉంటాయి. ఎఫ్‌ఐటీసీ పులుపులో మసకబారుతుంది, కాల్సీన్‌కి ఆ ఇబ్బంది బాగా తక్కువ. పక్కన మూడు బావులు (ప్లేట్‌లోని గుంటలు) తప్పనిసరి: కాల్సీన్ ఒక్కటే, కాల్సీన్‌తో క్లోరోక్విన్, నాలుగు డిగ్రీల దగ్గర పెట్టినది. క్లోరోక్విన్ సంచిలో చేరి దాన్ని ఉబ్బించి పగలగొడుతుంది, కాబట్టి ‘పగిలితే ఇలా ఉంటుంది’ అని నీ కళ్లకి తెలుస్తుంది. 100 మైక్రోమోలార్, నాలుగు గంటలు మించొద్దు, ఆ తర్వాత కణాలే పాడవుతాయి. నాలుగు డిగ్రీల దగ్గర కణం ఏదీ మింగదు. అక్కడ కూడా మెరుస్తుంటే అది పైన అంటుకున్నదే.


పరవాడ_క్యూసీ

ఒక జాగ్రత్త. కాల్సీన్‌కి మైనస్ ఆవేశం బాగా ఉంటుంది. నీ ప్లస్ పార్టికల్‌కి నేరుగా అంటుకుంటుంది, అప్పుడు చుక్క కనిపించినా దేనిదో తెలియదు. కణాలు లేకుండా మీడియంలో రెండూ కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవంలో కాల్సీన్ ఎంత మిగిలిందో ముందు చూసుకో. ఎక్కువగా అంటుకుంటుంటే కాల్సీన్ బదులు ఆవేశం లేని ఫ్లోరెసెంట్ డెక్స్‌ట్రాన్ తీసుకో, 10,000 డాల్టన్లది. రంగు రోడమీన్ అయితే మంచిది, ఎఫ్‌ఐటీసీ వద్దు.


కైటోసాన్_పీజీ

ముందు అదే చేస్తాను సార్. డెక్స్‌ట్రాన్ పక్క డిపార్ట్‌మెంట్‌లో ఉందేమో అడుగుతాను. ఫలితం ఎలా వచ్చినా, చుక్కలే మిగిలినా, ఫొటోలు ఇక్కడే పెడతాను.